ఇప్పచెట్టు కింద పొగ

పోయిన వేసవిలో నా కారులో మసిని పట్టే ఫిల్టర్ మూసుకుపోయింది. ఆగకుండా వేగంగా నడిపితే పొగగొట్టంలో పుట్టే వేడికి మసి కాలిపోతుందని కొత్తగూడెం మెకానిక్ చెప్పాడు. అలాగే దుమ్ముగూడెం దారి పట్టి, మధ్యలో ఫ్లాస్కులోని టీ తాగుదామని అడవి పక్కన ఎండుటాకుల మీద ఆపాను. ఇప్పచెట్టు కింద ఒకావిడ పువ్వు ఏరుతోంది. ఇంతలో పొగ వాసన వచ్చింది. రాలిన పువ్వు తేలిగ్గా ఏరుకోవడం కోసం చెట్ల కింద ఆకులు తగలబెడతారని ఎన్నో వార్తలు రాసిన విలేకరిని నేను.

"ఏందమ్మా, అడవి తగలబెడతవా?" అని కసిరాను.

"నేను కాదు సారూ, నీ కారు కింద జూడు. జల్దీ తీయ్."

కాలే పొగగొట్టం తగిలి ఆకులు అంటుకున్నాయి. కారు తీశాను. ఆమె పచ్చికొమ్మతో కొట్టి మంటలు ఆర్పేలోగా, ఏరిన పువ్వంతా మాడిపోయింది.

"చెట్టన్నా దక్కింది," అంది.

తప్పు నాదని ఒప్పుకోకుండానే కారెక్కాను. అద్దంలో నా మొహం చూసుకోవడానికే రోత పుట్టింది.