ఊడ్చకూడని దుమ్ము

ఇంటి మరమ్మతులు చేసినవాళ్లు వెళ్లిపోయాక ఆ ఇల్లు తుడవడం సినివా పని. పసిఫిక్ దీవుల్లోని టోంగా నుంచి వచ్చి పద్నాలుగేళ్లయింది. పశ్చిమ సిడ్నీలో ఆమె మోకాళ్లానని పేట లేదు. ఎక్కడికెళ్లినా ముందు దుమ్మును రెండువేళ్ల మధ్య నలిపి చూస్తుంది. చెక్క దుమ్ము గరుకుగా ఉంటుంది, గోడలు గీకిన దుమ్ము పిండిలా జారుతుంది. ఏ దుమ్మో తెలియకుండా చీపురు ముట్టుకోదు. దీనికి తోటివాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి, ఆవిడ కడుపుమంట వాళ్లకేం తెలుసు?

ఆమె మొగుడు ఫెలేతి పదిహేనేళ్లు వంటింటి గట్లకి ఫ్యాక్టరీలో చేసిన కృత్రిమ రాళ్లు కోశాడు. కోసేటప్పుడు నీళ్లు పోస్తే దుమ్ము అణుగుతుంది. "రెండు నిమిషాల పనికి నీళ్లెందుకు, మాస్కెందుకు" అనేవాడు. ఇప్పుడు నలభై ఒకటో ఏట కుర్చీలోంచి స్నానాలగది దాకా వెళ్లడానికి రెండుసార్లు ఆగుతాడు. ఆ రాతి దుమ్ము పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, మందు లేదన్నారు డాక్టర్లు.

ఆస్ట్రేలియాలో ఆ రాళ్లని నిషేధించడానికి రెండేళ్ల ముందు మాట ఇది. గురువారం పూట ఒక వంటింట్లో సినివా వేళ్లు ఆగిపోయాయి. వేళ్లకి ఆననంత మెత్తటి దుమ్ము నేలంతా పరుచుకుని ఉంది. తలెత్తి చూస్తే గట్టు మీద సింకు కోసం అప్పుడే కోసిన రంధ్రం. పక్కన పనిముట్లు సర్దుకుంటున్నవాడు పౌలియాసి, ఫెలేతి చిన్నాన్న కొడుకు. మొన్న ఆదివారం కూడా చర్చి నుంచి సరాసరి వచ్చి అన్న మంచం పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్న మనిషి.

సినివాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఇంట్లోనే కోశావా? పొడిగా?"

"సింకు కొంచెం పెద్దదొచ్చింది వదినా. రెండు నిమిషాల పని."

"అదే మాట. అచ్చం అదే మాట. మీ అన్న దగ్గర ఇంకేమీ నేర్చుకోలేదా నువ్వు?"

అంతలో పని చూసే ట్రెంట్ వచ్చాడు. మూడింటికి ఇంటివాళ్లొస్తారు, ఇంకా తడిగుడ్డ పట్టలేదేమని అడిగాడు. ఇది రాతి దుమ్మనీ, మామూలు చీపురూ వాక్యూమూ పనికిరావనీ, దీనికి వేరే మిషనుతో మనుషులు రావాలనీ చెప్పింది సినివా.

"దుమ్ము దుమ్మే. అర నిమిషంలో ఊదేస్తా చూడు" అని ట్రెంట్ పెరట్లో ఆకులు ఊదే బ్లోయర్ పట్టుకొచ్చాడు. తలుపులు బార్లా తెరిచి, దుమ్మంతా వీధిలోకి ఊదేసి, ఇల్లు శుభ్రమైందని చేతులు దులుపుకునే రకం. ఊదిన దుమ్ములో సగం గాల్లోనే ఉంటుందనీ, సాయంత్రానికి మళ్లీ నేల మీదికే దిగుతుందనీ ఆ మట్టిబుర్రకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు.

సినివా బ్లోయర్ లాక్కుంది. వెనకనున్న బ్యాటరీ ఊడబెరికి నీళ్ల బకెట్లో పడేసింది.

"నీకు మతి పోయిందా?"

"నీకు ఉందా అసలు?"

సరిగ్గా అప్పుడే ఇంటావిడ ఫిలిప్పా చంకలో బిడ్డతో గుమ్మంలోకొచ్చింది. పాకే వయసు, కిందికి దిగాలని గింజుకుంటున్నాడు.

"దించకమ్మా" అంది సినివా. "లోపల రాయి కోశారు. ఆ దుమ్ము పీల్చకూడదు."

ట్రెంట్ నవ్వాడు. "గట్టు కొట్లోనే కోసి తెచ్చామండీ. నేల తుడిచే మనిషికి రాయి సంగతేం తెలుస్తుంది?"

ఫిలిప్పా ఇద్దర్నీ చూసింది. బిడ్డ కాళ్లు అప్పటికే నేలకి జానెడు దూరంలో ఉన్నాయి. సినివా పౌలియాసి వైపు చూసింది. వాడు బూట్ల వైపు చూశాడు. నిజం చెబితే ఈ పనీ పోతుంది, ట్రెంట్ ఇప్పించే పనులన్నీ పోతాయి. ఆ సంగతి ఆమెకీ తెలుసు, అయినా జాలి రాలేదు.

"కోసింది నేనే" అన్నాడు చివరికి. "ఇక్కడే. నీళ్లు పొయ్యలేదు."

ఫిలిప్పా బిడ్డని గుండెకి హత్తుకుని కారు దగ్గరికి పరిగెత్తింది. సినివానీ పౌలియాసినీ ఇంకెప్పుడూ కనబడొద్దన్నాడు ట్రెంట్.

సినివా పౌలియాసిని కారెక్కించుకుని, అద్దాలన్నీ దించి ఇంటిదారి పట్టింది.

"అన్నకి చెప్పకు వదినా. తట్టుకోలేడు."

"నేనెందుకు చెప్తాను?"

ఇంటి ముందు కారాపి, వాణ్ణి పెరటి కుళాయి దగ్గరికి నడిపించింది. "ఆ చొక్కాతో లోపల అడుగు పెట్టావో, కాళ్లు విరగ్గొడతా. విప్పు. తల కూడా కడుక్కో."

నీళ్ల చప్పుడుకి లోపల్నించి ఫెలేతి గొంతు వచ్చింది. "ఎవరు... ఇంత... తొందరగా?"

"పౌలియాసి. నువ్వు లేవకు. నీకో మాట చెప్తాడట" అని సినివా తలుపు తీసి పట్టుకుంది.