మేం పంపిన అచ్చు

మా క్లియరింగ్ ఏజెంటు పెద్దాయన పోయాడు. మొన్న మంగళవారం ఆయన కూతురు కుందుర్పి నుంచి ఫోన్ చేసి, "నాయన పోయినాడన్నా" అని మాత్రం చెప్పింది. ఎట్లా అని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.

అనంతపురంలో మాది బోరు పంపుల షెడ్డు. పంపు బాడీలు చైనాలో పోయించి తెప్పిస్తాం. చెన్నై హార్బరులో వాటి కాగితాలన్నీ చూసేది ఆయనే. మొదటిసారి నేను బిల్లు ఆయన చేతిలో పెట్టి ఇదే ధర అంటే నవ్వాడు.

"సుంకం లెక్కకు బిల్లులో ఉండేదే విలువ కాదప్పా. ఓడ బాడుగ, ఇన్సూరెన్సు, ఆ సరుకు పుట్టేదానికి నువ్వు ఊరికే ఇచ్చింది ఏదన్నా ఉంటే అదీ కలపల్ల."

ఈ వ్యాపారం నాకు నేర్పింది ఆయనే. సరుకు వచ్చిన ప్రతిసారీ "చైనావాళ్లకు నువ్వేమన్నా ఇచ్చినావా?" అని మూడుసార్లు అడిగేవాడు. టీకి ముందు ఒకసారి, టీ తాగాక ఒకసారి, చెప్పులు వేసుకుంటూ ఇంకోసారి. వట్టి చాదస్తం అనుకునేవాణ్ణి.

నిరుడు మా నాయన చేసిన ఉక్కు అచ్చును చైనాకు ఊరికే పంపి, దాంట్లోనే బాడీలు పోయించాను. అచ్చు విలువ కలిపితే సుంకం పెరుగుతుంది. మన అచ్చు మనింటికే వచ్చేది కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఆయన అడిగిన మూడుసార్లూ "లేదన్నా" అన్నాను.

హార్బరులో కస్టమ్స్ అధికారులు పెట్టెలు తెరిచారు. ప్రతి బాడీ మీదా మా నాయన పేరు, తెలుగులో. నాయన అచ్చులో చెక్కుకున్నదే. చైనాలో తెలుగు పేరుతో అచ్చు ఎవరు చేస్తారు?

నేను జరిమానా కట్టి బయటపడ్డాను. ఏజెంటు పెద్దాయన లైసెన్సు పోయింది. సంజాయిషీలో ఆయన రాసింది ఒకటే మాట: "అచ్చు సంగతి నేను అడగలేదు."

"ఎందుకట్ల రాసినావన్నా?" అన్నాను.

"నీ షెడ్డులో పదిమంది పనోళ్లుండారు. నాదేముందప్పా, ముసలోణ్ణి."

ఆ తర్వాత ఆయన హార్బరు ముఖం చూడలేదు. కుందుర్పిలో ఎండిన చేనుకు ఎదురుగా కూర్చుని కూర్చుని, అట్లే పోయాడు.

మట్టి వేసి వచ్చాక కూతురు నన్ను పక్కకు పిలిచింది. "నాయన నిజంగా అడగలేదా అన్నా? చుట్టాలంతా అదే అంటాండారు."

"అడిగినాడమ్మా. మూడుసార్లు. నేనే అబద్ధం చెప్పినా."

ఆ పిల్ల తిట్టలేదు. "ఈ మాట ఆయనుండంగ చెప్పింటే బాగుండు" అని లోపలికి పోయింది. ఆయన ఉండగా చెప్పలేనిది ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను.

చేను దాటి వస్తుంటే, ఎండిపోయిన బోరు పక్కన, పైకి లాగి పడేసిన పంపు కనిపించింది. మాదే. దుమ్ములో మా నాయన పేరు పైకే ఉంది.