రూలు పద్నాలుగు బి

1956 వేసవి. మద్రాసులో ఒక ప్రభుత్వ కార్యాలయంలో, పర్యటనల సెక్షన్‌లో నేను గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఢిల్లీ నుంచి పెద్దలెవరైనా వస్తే వాళ్ళకు బస, కార్లు, కాఫీ, దండలు, తిరుగు రైలు అన్నీ మేమే చూడాలి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, రైలు దిగింది మొదలు మళ్ళీ రైలెక్కేదాకా పెద్దమనుషులకు కోపం రాకుండా కాపు కాయడమే మా ఉద్యోగం.

అప్పటికి ఆరేళ్ళుగా నేను టెంపరరీ. టెంపరరీ అంటే జీతం అందరితోపాటే వస్తుంది, కానీ ఏ నెలాఖరునైనా రేపటినుంచి రానక్కర్లేదని చెప్పవచ్చు. ఆ భయం పోవాలంటే కన్ఫర్మేషన్ రావాలి. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు మా సెక్షన్‌లోని తెలుగువాళ్ళలో సగంమంది కర్నూలు వెళ్ళిపోయారు. మాది తొండియార్‌పేటలో నాలుగు తరాల కాపురం, నేను కదల్లేదు. ఆ సర్దుబాట్లలో నా తర్వాత చేరిన నలుగురు సీనియారిటీ జాబితాలో నాకంటే పైకి వెళ్ళారు. ఉన్నచోటే ఉన్న మనిషి వెనక్కి ఎలా పోతాడో నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు.

మా సూపరింటెండెంటు గారు ఉత్తర ఆర్కాడు తెలుగువారు. నవ్వడం తన విధుల్లో లేదన్నట్టుండేవారు. కార్మికుల ఇళ్ళ పరిస్థితి చూడటానికి నలుగురు పార్లమెంటు సభ్యులు వస్తున్నారని తెలియగానే నన్ను పిలిచారు.

"ఇదో చూడయ్యా, మెంబర్ల దగ్గిరనుంచి ఒక్క కంప్లయింటు వచ్చినా నీ కన్ఫర్మేషన్ ఫైలు పైకి పోదు. ఈడే, ఈ సొరుగులోనే పూడ్చిపెడతా. తెలిసిందా?"

"తెలిసింది సార్," అన్నాను.

ఇక్కడ కాన్వాయ్ గురించి కొంచెం చెప్పాలి. కాన్వాయ్ అంటే ఒకదాని వెనక ఒకటి నడిచే కార్ల వరుస. మొదటి కారు అందరికంటే పెద్దాయనకు. కారులోనూ వెనక సీట్లో ఎడమవైపు పెద్దాయనకే, ఎందుకంటే ఆ తలుపు స్వాగతం చెప్పేవాళ్ళ వైపు తెరుచుకుంటుంది. మొదట దిగినవారికి పెద్ద దండ. ఆయనే సభకు జవాబు చెబుతారు. మర్నాటి పత్రికలో ఆయన పేరే ముందుంటుంది. చివరి కారులో ఉన్నవారికి ముందు కార్ల దుమ్ము. ఈసారి బృందానికి అధ్యక్షుడున్నారు కాబట్టి మొదటి కారు ఆయనది. మిగతా ముగ్గురినీ వాళ్ళ పేర్ల అక్షరక్రమంలో ఎక్కించేద్దామనుకుని నిశ్చింతగా ఉన్నాను.

ఆ ఉదయం గెస్ట్ హౌసుకు వెళ్ళేసరికి అధ్యక్షుడు గారికి కడుపు చెడిందన్నారు. ముందురోజు విందులో మెదువడలు ఆయన్ని పూర్తిగా ఆకట్టుకున్నాయట. ఆయన మంచం దిగరు. మొదటి కారు ఖాళీ అయింది.

ఆఫీసుకు, సూపరింటెండెంటు గారికి ఫోన్ చేశాను. "వయసు చూసి ఎక్కించమంటారా సార్?"

"పార్లమెంటులో వయసుతో ఏం పనయ్యా? సభలో ఎవురు ఎన్నాళ్ళు కూర్చున్నారనేదే లెక్క. సీనియారిటీ చూసి ఎక్కించు," అని ఫోన్ పెట్టేశారు.

ఆయన చెప్పింది నిజమే. కొత్త సభ కూడినప్పుడు అందరిచేతా ప్రమాణం చేయించే గౌరవం కూడా తల నెరిసినవాడికి కాదు, సాధారణంగా సభలో ఎక్కువకాలం ఉన్నవాడికి దక్కుతుంది. అయితే ఆ కాలాన్ని ఎక్కణ్ణించి కొలవాలి, మధ్యలో తెగితే ఏం చెయ్యాలి అన్నది నా దగ్గరున్న ఏ కాగితంలోనూ లేదు.

ముగ్గురు సభ్యుల్లో ఇద్దరు ఆంధ్రవాళ్ళే. పేర్లు చెప్పను, వాళ్ళ మనవలు ఇప్పటికీ ఓట్లడుగుతున్నారు. గోదావరి ఆయన 1946లో రాజ్యాంగ సభకు వెళ్ళి, అదే పార్లమెంటుగా మారాక కూడా ఉండి, మొత్తం ఆరేళ్ళు కూర్చున్నారు. 1952 ఎన్నికల్లో ఓడిపోయి, రెండేళ్ళ తర్వాత ఉప ఎన్నికలో గెలిచి తిరిగొచ్చారు. అనంతపురం ఆయన 1952లో గెలిచి అప్పట్నుంచీ ఉన్నారు. మూడో ఆయన తిరువాన్కూరు కొచ్చిన్ యువకుడు, సభకు వచ్చి ఆరు నెలలే. చాలా మర్యాదస్థుడు. ఆ మర్యాదే తర్వాత నా ప్రాణం తీసింది.

పోర్టికోలో మొదలైంది.

"చూడు బాబూ, ఆరూ రెండూ ఎనిమిదండి. ఈయనగారివి నాలుగు. ఇందులో పంచాయితీ ఏవుందండీ?" అన్నారు గోదావరి ఆయన.

"ఎనిమిది ఎట్లయితుందప్పా? నడుమ తెగిపాయ గదా. తెగిన తాడు పొడుగు లెక్కకొస్తాదా? నేను యాభైరెండు నుంచి ఒక్క దినం గూడా తప్పలేదు," అన్నారు అనంతపురం ఆయన. అంతటితో ఆగలేదు. "పైగా ఆ పాత సభకు ఈయన్ని జనం పంపల్యా. శాసనసభోళ్ళు పంపినారు."

గోదావరి ఆయన ముఖం కందగడ్డలా అయింది. "మేం రాజ్యాంగం రాసేటప్పటికి మీరు జిల్లా బోర్డులో రోడ్లకి కంకర తోలించేవారండి!"

"ఆ రోడ్లు ఇంకా ఉండాయి," అన్నారు అనంతపురం ఆయన.

నేను ప్రోగ్రామ్ కాగితం వెనక కూడికలు వేస్తున్నట్టు నటించాను. లెక్క తేల్చి గోదావరి ఆయన్ని ముందు పెట్టానని తర్వాత అందరికీ చెప్పాను గానీ, నిజానికి నేను తలెత్తి చూసేసరికి ఆయన మొదటి కారులో ఎడమవైపు కూర్చుని తలుపు వేసేసుకున్నారు. అనంతపురం ఆయన రెండో కారెక్కుతూ, "సాయంత్రం మీ ఆఫీసుకు కాగితం రాస్తా," అన్నారు. నా కళ్ళకు సూపరింటెండెంటు గారి సొరుగు కనిపించింది.

మేం వెళ్ళాల్సింది తిరువొత్తియూరులో సముద్రం పక్కనున్న కార్మికుల కాలనీకి. పెద్దరోడ్డు దిగి సన్నటి సందులోకి తిరగాలి. 'సందు చివరి గేటు' అని ప్రోగ్రాములో నేనే రాశాను. కాలనీవాళ్ళు పంపిన ఉత్తరంలో అలా ఉంది. ఒకసారి వెళ్ళి చూసి రావాల్సింది. మా ఇంటికి ఎంత దూరం? ఎండలో ఎవరు పోతారులే అని బద్ధకించాను.

మొదటి కారు ముందు సీట్లో నేను, పక్కన డ్రైవర్ మునుస్వామి. సందు సగం దాటగానే ఎడమవైపు మామిడాకుల తోరణాలు, బ్యాండు, జనం కనిపించారు. మేం ఆగకపోయేసరికి వాళ్ళంతా చేతులూపుతూ "నిల్లుంగో! నిల్లుంగో!" అని కేకలేశారు. ఆగమని అరుస్తున్నారని అరవం తెలిసిన నాకు అర్థమయ్యేలోపే మూడు కార్లూ దాటిపోయాయి. మూడు కార్లలోంచీ మూడు జతల చేతులు నమస్కారాలు పెట్టాయి.

"ఎంత అభిమానవయ్యా మద్రాసు జనానికి!" అన్నారు గోదావరి ఆయన.

సందు చివర గేటుంది. దానికి తాళం, తాళానికి తుప్పు, ముందు ఇసుక మేట. అందుకే కాలనీవాళ్ళు స్వాగతాన్ని మధ్య గేటుకు మార్చుకున్నారు. ఆ సంగతి మాకు చెప్పడం మరిచారు. మునుస్వామి దిగి అటూ ఇటూ చూసి తల గోక్కున్నాడు.

"ఈడ తిప్పేదానికి లేదు సార్. రెండు పక్కలా కాలవ. రివర్సులోనే పోవాల. వేరే దోవ లేదు."

వెనక సీటు కాసేపు ఆలోచించింది. "రివర్సు అంటే... ఆఖరి కారు ముందు చేరుతుందన్నమాట. మనం ఆఖరా? అదెలా కుదురుతుందండీ?" అంటూ గోదావరి ఆయన కారు దిగేశారు.

రెండో కారు కిటికీలోంచి అనంతపురం ఆయన ఆ రోజు మొదటిసారి నవ్వారు. "రివర్సే గదా. పోనీప్పా, పోనీ."

కానీ మూడో కారు కదిలితేగా! ఆ యువకుడు కూడా దిగి, "ఇద్దరు పెద్దలకంటే ముందు వెళ్ళి నేను దండ వేయించుకోవడమా? నావల్ల కాదు," అని ఇంగ్లీషులో చెప్పి ఇంజను ఆపించేశాడు. అది కదలందే రెండోది కదలదు, రెండోది కదలందే మాది కదలదు. నడుద్దామని అనంతపురం ఆయన అంటే, ముందు ఎవరు నడవాలని గోదావరి ఆయన అడిగారు. పైన ఎండ, పక్కన ఎండుచేపలు. దూరంగా బ్యాండువాళ్ళు వాయించిన పాటే మళ్ళీ వాయిస్తున్నారు. ముగ్గురిలో ఎవరికి కోపమొచ్చినా ఆ గేటు సంగతి బయటికొస్తుంది. అక్కడితో నా ఉద్యోగం సరి.

ఇక నేను అన్న మాట ఆలోచించి అన్నది కాదు. భయం నాచేత అనిపించింది.

"అయ్యా, దీనికి రూలుంది. కాన్వాయ్ వెనక్కి నడిచేటప్పుడు సీనియారిటీని వెనకనుంచి లెక్కపెట్టాలి. ఆఖరున దిగేవారే పెద్ద. ముందు దిగినవాళ్ళు నిలబడి వారికోసం ఎదురుచూడాలి."

"ఏ రూలప్పా?" అన్నారు అనంతపురం ఆయన.

"పద్నాలుగు బి."

పద్నాలుగు ఎందుకన్నానో నాకే తెలియదు. ఉత్త పద్నాలుగంటే నమ్మరేమోనని బి తగిలించాను.

యువకుడికి అదే ఇంగ్లీషులోనూ చెప్పాను. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నాలుగేళ్ళు ఒక్కరోజూ తప్పకుండా సభలో ఉన్న మనిషి ఒక రూలు తెలియదని ఎలా అంటాడు? "ఆ... పద్నాలుగు బి. చూసినట్టే ఉండాది," అన్నారు అనంతపురం ఆయన.

"చూడ్డవేంటండీ? దాని మీద చర్చ జరిగినప్పుడు నేనున్నాను!" అన్నారు గోదావరి ఆయన.

యువకుడు నిట్టూర్చి, ఇంత స్పష్టంగా ఉన్న సంగతి ముందే చెప్పవచ్చు కదా అని నన్ను మందలించి కారెక్కాడు.

మూడు కార్లూ వెనక్కి వెనక్కి నడిచి మధ్య గేటు చేరాయి. యువకుడు ముందు దిగి, దండతో పరిగెత్తుకొచ్చిన కాలనీ పెద్దను చేత్తో ఆపి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అనంతపురం ఆయన దిగి పక్కన నిలబడ్డారు. అప్పుడు గోదావరి ఆయన, ఉత్సవంలో స్వామి వాహనం వచ్చినంత తీరిగ్గా వచ్చి దిగారు. ఇద్దరు సభ్యులు నిలబడి ఎదురుచూసిన మనిషి ఎవరోనని జనం మెడలు చాచి చూశారు. పెద్ద దండ ఆయనకే పడింది.

నేను ఊపిరి పీల్చుకునేలోపే అనంతపురం ఆయన నా పక్కకొచ్చారు. వేళ్ళు మడిచి ఏదో లెక్కేస్తున్నారు.

"ఏమప్పా, ముందునుంచి లెక్కేసినా నేను రెండే. వెనకనుంచి లెక్కేసినా రెండే గదా?"

"అవునండీ."

"నడిమోని గురించి ఆ రూలు ఏం చెప్పల్యా?"

"లేదండీ."

"అన్యాయం," అని ముందుకు నడిచారు. ఆ తర్వాత గంటసేపు ముగ్గురూ ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి కొళాయీ స్వయంగా తిప్పి, నీళ్ళు రావడం లేదని రాసుకున్నది మాత్రం ఆయనొక్కరే. అది కూడా చెప్పకపోతే నేను మనిషిని కాను.

సాయంత్రం సెంట్రల్ స్టేషనుకు వెళ్తుంటే కారులో గోదావరి ఆయన దండ ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. "ఓడిపోయిన రెండేళ్ళూ మా వీధిలో ఒక్క కారు ఆగలేదయ్యా. శుభలేఖలు కూడా తగ్గిపోయాయి. పోనీ అది లెక్కలోది కాదనుకున్నా. ఇప్పుడా ముందు ఆరేళ్ళు కూడా లెక్కలోవి కావంటున్నారు. మరి ఆ ఆరేళ్ళూ నేనెక్కడున్నట్టు?"

నావీ ఆరేళ్ళే. ఆయన మీద పొద్దున్నుంచీ ఉన్న చిరాకంతా పోయి జాలేసింది. ఎవరి మీద జాలో నాకే సరిగ్గా తెలియలేదు.

పది రోజులకు అనంతపురం ఆయన ఉత్తరం వచ్చింది. కంప్లయింటు కాదు, అంతకంటే ఘోరం. రూలు పద్నాలుగు బి నకలు పంపమన్నారు. నడుమ ఉన్నవారికి అందులో జరుగుతున్న అన్యాయానికి సవరణ ప్రతిపాదించదలిచారట.

సూపరింటెండెంటు గారు ఆ ఉత్తరం రెండుసార్లు చదివారు.

"పద్నాలుగు బి అనేది ఏడుందయ్యా?"

"లేదు సార్," అని గేటు సంగతితో సహా జరిగిందంతా చెప్పేశాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

"కాన్వాయ్‌కి మన సెక్షన్ ఇన్‌స్ట్రక్షన్లు ఎన్ని?"

"పదమూడు సార్."

ఆయన ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నారు. "లేని రూలు చెప్పినామని రాస్తే అది కంప్లయింటు అవుతుంది. నీతోబాటు నేనూ మునుగుతా. పోయి పద్నాలుగోది టైపు చెయ్యి."

"బి రాయమంటారా సార్?"

"'ఏ' లేకుండా 'బి' ఎట్లా వస్తుందయ్యా? 'ఏ' కూడా ఏదన్నా రాయి."

టైపు మిషను ముందు కూర్చుంటే 'ఏ' ఒక్క క్షణంలో వచ్చేసింది. 'ప్రోగ్రాము తయారుచేసే గుమాస్తా ముందురోజే స్వయంగా వెళ్ళి గేటు చూసి రావలెను.' దానికింద నా బి. ఆయన రెండూ చదివి సంతకం పెట్టారు.

"ఈ రెంట్లో ఏదయ్యా నిజం?"

"'ఏ' సార్."

"దాన్ని ఎవురూ అడగరు పో," అన్నారు.

ఆయన మాటే నిజమైంది. బి నకలు కావాలని మరో రెండు ఆఫీసులు అడిగి తీసుకున్నాయి. 'ఏ' గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు. దాన్ని సర్వీసంతా పాటించింది నేనొక్కణ్ణే. సవరణ మాత్రం రాలేదు. మరుసటి ఏడాది ఎన్నికల్లో అనంతపురం ఆయన ఓడిపోయారని పత్రికలో చదివాను. ఆయన తాడూ తెగింది. నవ్వు రాలేదు. ముందు సీటు కోసం పోట్లాడే ప్రతి మనిషినీ అంతకుముందు నేను అహంకారి కింద జమకట్టేవాణ్ణి. వాళ్ళలో సగంమంది అడిగేది సీటు కాదు, తాము గడిపిన ఏళ్ళను ఎవరైనా లెక్కపెట్టమని. ఈ ఉద్యోగం నాకు నేర్పింది అదే.

ఆ ఎన్నికల నెలలోనే కన్ఫర్మేషన్ జాబితా వచ్చింది. పదకొండు పేర్లు. నా తర్వాత చేరిన నలుగురూ పైనే ఉన్నారు. నాది పదకొండోది. ఆరేళ్ళు ఏడేళ్ళయినా నా చోటు మారలేదు. సంతోషం వచ్చీ రాక, కాగితం పట్టుకుని పైనుంచి మళ్ళీ చదువుతూ నిలబడ్డాను. సూపరింటెండెంటు గారు నా ముఖం చూశారు. ఆయన నవ్వగా నేను చూసింది అదొక్కసారే.

"అట్లా పైనుంచి చదవబాకయ్యా," అన్నారు. "మనకు రూలుంది కదా."

కింద నుంచి చదివాను.