పొడుగు బారెల్ ఎంచిన రోజు

ఉదయం ఆరున్నరకు నేనూ మా పక్కింటి యాకూబూ జనగామలో హనుమకొండ బస్సెక్కాం. మహబూబాబాద్‌లో ఒకాయన పెయింట్‌బాల్ మైదానం పెడుతున్నాడు. రంగు గుండ్లు కాల్చే తుపాకీ ఒకటి నమూనాగా తెచ్చి, గురి చూపిస్తే మైదానం చూసుకునే పని యాకూబుకే ఇస్తానన్నాడు. గ్రంథాలయంలో తుపాకుల మీద రెండు పుస్తకాలు చదివానని యాకూబు నన్ను వెంట తీసుకెళ్లాడు.

హనుమకొండలోనే ఇడ్లీ తినడం మంచిది. పరకాలలో బస్సు ఐదు నిమిషాలే ఆగింది.

అక్కడ బస్సు మారి, తుపాకీ కొనడానికి పదిన్నరకు భూపాలపల్లి చేరాం. మూతబడిన ఆటస్థలం సామాను అమ్మిపెడుతున్న ఓదెలు, బొగ్గుబాయిలో రిటైరైన మనిషి, రెండు తుపాకులు తెచ్చాడు. పొట్టిదాని బారెల్లో గుండు వేస్తే జారలేదు. నోటితో ఊదితే టప్పున బయటపడింది. పొడుగుదాంట్లో వేస్తే అటునుంచి ఇటు దొర్లి కింద పడింది.

"గుండును పైపు జర పట్టుకోవాలె సారూ. లూజుంటే గాలి పక్కలకెల్లి పోతది, గుండు వంకర పోతది," అన్నాడు ఓదెలు.

బారెల్ ఎంత పొడుగైతే గురి అంత సూటి అని పావుగంట చెప్పాను. నేను చదివింది సీసపు గుండ్ల రైఫిళ్ల గురించి. ఓదెలు పొట్టిదాంతో పది కాల్చితే ఎనిమిది గురిపెట్టిన డ్రమ్ము మూతకు తగిలాయి. అది చేతి అలవాటన్నాను. పొడుగుదీ కాల్చి చూడమన్నాడు. బస్సు పోతుందని నేనే వద్దన్నాను.

"నాకైతే పొట్టిదే మంచిగనిపిస్తుంది," అన్నాడు యాకూబు. మళ్లీ తనే, "సదివినోనివి, నువ్వే చెప్పన్నా."

చెప్పాను. పొడుగుదే తీసుకున్నాం.

మళ్లీ హనుమకొండ వచ్చి మహబూబాబాద్ బస్సు పట్టుకున్నాం. గూడూరులో ఎక్కిన అవ్వ మా గోనెసంచి తడిమి, "మందుగొట్టే పంపా బిడ్డా?" అని అడిగింది. నవ్వుకున్నాం.

నాలుగున్నరకు మైదానంలో యాకూబు పది కాల్చాడు. రెండే తగిలాయి. ఒకటి యజమాని కారు అద్దం మీద పగిలింది.

"ఎవరు ఏరిండ్రు గిది?" అని యజమాని అడిగాడు.

నేను నోరు తెరిచేలోపే యాకూబు, "నేనే సార్," అన్నాడు.

వేరే మనిషిని చూసుకుంటానన్నాడు యజమాని.

ఆరుంబావుకు జనగామ వైపు రైలు దొరికింది. యాకూబు కిటికీ సీటు నాకే ఇచ్చాడు. తప్పు నీ మీద ఎందుకు వేసుకున్నావని అడిగాను.

"నాకు ఇంకో పని దొర్కుతదన్నా. నీకు సదువు తప్ప ఏమున్నది?"

కాజీపేట దాకా బయటికే చూస్తూ కూర్చున్నాను.

మీరెవరైనా కొనడానికి వెళితే, గుండు బారెల్లో వేసి ఊది చూడండి; రెండూ కాల్చి చూడండి. పావుగంట పని. భూపాలపల్లి నుంచి బస్సులు అరగంటకొకటి ఉన్నాయి.