పేజీ అవతలి కీర్తన

చిలకలూరిపేట బస్టాండు వెనక వీధిలో కోటిరత్నం డీటీపీ సెంటరు ఉండేది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడకు ఆంజనేయస్వామి పటం. పత్తి విత్తనాల పోస్టరు చేస్తే రోడ్డు అవతలికెళ్లి నిలబడి చూసేది. శుభలేఖ అయితే పెళ్లివారింట్లో పెద్దాయన చేతికిచ్చి, కళ్లజోడు లేకుండా చదవమనేది. వాడేచోట చూడనిదే ఏ పనీ అచ్చుకు వదిలేది కాదు. "నీతో పెట్టుకుంటే ముహూర్తం దాటిపోద్దమ్మా" అని విసుక్కున్నవాళ్లే మళ్లీ ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు.

2007లో, మిరపకాయలు కల్లాలకు చేరిన రోజుల్లో, పక్క ఊరి చర్చి పెద్ద ప్రేమదాసు ఒక సీడీ తెచ్చాడు. అందులో బైబిలు సాఫ్ట్‌వేరు ఉంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, అవసరాన్నిబట్టి మార్చుకోవచ్చు. అందులోని తెలుగు పాఠం నుంచి కీర్తనలు మాత్రం తీసి, పెద్ద అక్షరాలతో పుస్తకం చేయమన్నాడు.

"మా అమ్మ రెబ్కా కల్లంలో తోటి కూలోళ్లకి చదివి వినిపిస్తుందండీ. బైబిల్లో అక్షరం ఆమె కంటికి ఆనటంలా. గుడ్‌ఫ్రైడే కల్లా ఇచ్చేయాలి. తర్వాత కల్లం పని అయిపోద్ది."

ఆ పాఠాన్ని తను రోజూ వాడే పేజ్‌మేకర్లో పెడితే అక్షరాలన్నీ డబ్బాలుగా కనిపించాయి. కోటిరత్నం ఓపెన్ ఆఫీస్ అనే ఇంకో సాఫ్ట్‌వేరు సంపాదించి, దానిలో పేజీలు కట్టడం కొత్తగా నేర్చుకుంది. కాగితం వృథా కాకుండా ఒక కీర్తన ముగిసిన చోటే మరొకటి మొదలయ్యేలా కూర్చింది. ప్రేమదాసు చూసి మురిసిపోయాడు.

"ఇంకేం, అచ్చేయించేద్దాం."

"ఒకసారి కల్లంలో చూసొస్తానండీ" అంది.

కల్లంలో అడుగు పెట్టగానే మిరప ఘాటుకు ఆమెకు దగ్గు తెర వచ్చింది.

"పేట ఆవిడకి మన సెంటు పడలేదే!" అని ఆడవాళ్లు నవ్వారు. మిరపకాయల రాశి చుట్టూ కూర్చుని ముచ్చికలు తీస్తున్నారు. రెబ్కా కూడా వాళ్లలో ఒకతె. కోటిరత్నం నమూనా పుస్తకాన్ని ఆమె ముందు గోనెపట్టా మీద తెరిచి పెట్టింది. చేతులు పని ఆపకుండానే రెబ్కా చదవసాగింది. దేవుడు తనను వదిలేశాడని ఒకడు మొత్తుకునే కీర్తన అది. కుడిపేజీ చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

"ఆపేశారేమ్మా? అక్షరం కనపడట్లేదా?"

"బ్రహ్మాండంగా కనపడుద్ది తల్లీ. పేజీ అయిపోయింది."

"తిప్పండి మరి."

రెబ్కా కారంతో ఎర్రబడ్డ వేళ్లు చూపించింది. "ఈ చేతుల్తోనా? పోయినేడు బైబిలు అట్టాగే తిప్పా. సాయంత్రం మా మనవడు ఆ పేజీ పట్టుకుని కన్ను నలుపుకున్నాడు. వాడి ఏడుపుకి వీధంతా వచ్చారు. ఈ మంట నీళ్లకి పోదు. అప్పట్నించి పొద్దున్నే శుభ్రమైన చేత్తో తెరిచి పెడతా. ఆ రెండు పేజీలే సాయంత్రం దాకా."

పక్కనున్న రమణమ్మ అందుకుంది. పత్తి పంట పోయిన ఏడే ఆమె భర్త కూడా పోయాడు. "నాకీ కీర్తన సగం నోటికొచ్చండీ. బైబిల్లోనూ ఇంచుమించు ఇక్కడే పేజీ అయిపోద్ది. దేవుడు పలికాడో లేదో మాత్రం ఈ మహాతల్లి చెప్పదు."

"చూడకుండా చెబితే దేవుడి మాటలో నా మాట కలిసిద్దేమోనని భయమే! ఏడుపు కాడ ఆపి మిమ్మల్ని ఇంటికి పంపటం నాకు మాత్రం సరదానా?"

కోటిరత్నం తిరిగి వచ్చి, కూర్చిన పేజీలన్నీ విప్పేసింది. ప్రతి కీర్తనా ఎడమపేజీలో మొదలై ఎదుటి కుడిపేజీలో ముగియాలి. పట్టకపోతే వరసల మధ్య ఎడం తగ్గించింది కానీ అక్షరం తగ్గించలేదు. మరీ పొడుగువాటిని ఎక్కడ విడదీయాలో రెబ్కానే అడిగింది. ఏడుపు మీద ఆగని చోటు వెతికి చూపించింది రెబ్కా.

ప్రేమదాసు కొత్త పేజీలు చూసి నొచ్చుకున్నాడు. "ఇన్ని ఖాళీలేందండీ? సగం పుస్తకం తెల్లగానే ఉంది."

"తెల్లగా ఉంటే ఏమండీ, ఎర్రగా కాకుండా ఉంటే చాలు."

"పండగ్గాని దాటిందో..."

"దాటదండీ."

గుడ్‌ఫ్రైడే వారం మొదట్లోనే, రింగు బైండింగు చేసిన మొదటి ప్రతి పట్టుకుని, ప్రేమదాసుతో కలిసి ఆమె మళ్లీ కల్లానికి వెళ్లింది. అదే కీర్తన తెరిచి, గోనెపట్టా మీద పరిచి పక్కకు తప్పుకుంది. రెబ్కా మొదలుపెట్టింది. అలవాటైన చోటుకు రాగానే రమణమ్మ తలెత్తింది. గొంతు ఆగలేదు. మొత్తుకున్నవాడి మొర దేవుడు విన్నాడు. వాడు పదిమందిలో నిలబడి ఆయనను పొగిడాడు. కుడిపేజీ అడుగున కీర్తన ముగిసింది.

"అయితే పలికాడన్నమాట!" అంది రమణమ్మ. "ఇన్నాళ్లూ ఏడున్నాడంట?"

"పేజీ అవతలున్నాడే" అంది రెబ్కా.

రాశి చుట్టూ అందరూ ఘొల్లున నవ్వారు. రమణమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే, వేళ్లు తగలకుండా కళ్లు భుజానికి ఒత్తుకుంది.

కోటిరత్నం పుస్తకం వైపే చూస్తోంది. గాలికి పేజీ మూల లేస్తోంది. వంగి వేలితో నొక్కి, వదిలి, మళ్లీ చూసింది.

"కాగితం ఇంకాస్త మందంగా ఉండేది వాడదామండీ" అంది ప్రేమదాసుతో. "ఇక అచ్చుకిచ్చేయొచ్చు."