చల్లగా ఉన్న రియాక్టర్

సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు పోయే బస్సులో నా పక్కన కూర్చున్న ఆయన ఫోన్‌లో ఎవరినో బతిమాలుతున్నాడు.

"ఇగ పోయకుర భాయ్! సారు చెప్పినా పోయకు. వాల్వ్ బంద్ చెయ్యి, నేనొస్తున్న."

ఏమైందని అడిగాను. ఆయన ఒక మందుల ఫ్యాక్టరీలో, రసాయనాలు కలిపే రియాక్టర్‌కు ఆపరేటరట. అక్కడ మెగ్నీషియం ముక్కల మీద బ్రోమైడ్ కొంచెం కొంచెంగా పోస్తారు. ఆ రెండూ కలిసి తయారైనదానితో ఆల్కహాల్ చేస్తారు.

"తాగేది గాదక్కా," అన్నాడు నా ముఖం చూసి. "మందుగోళీలకు. పోసినంక వేడెక్కాలె. పొద్దుగాలకెళ్లి ఎక్కుతలేదంట. సాలలేదనుకొని ఇంకింత పోస్తున్రు."

"చల్లగా ఉంటే మంచిదే కదా?"

"చల్లగుంటెనే భయం. పోసిందంత లోపల్నే ఉంటది. అంటుకుంటే అంతా ఒక్కసారే అంటుకుంటది."

కిందటేడు మా తమ్ముడు అలాంటి ఫ్యాక్టరీలోనే రియాక్టర్ పేలి చనిపోయాడు. మేనేజర్ ఇంటికొచ్చి, అప్పటిదాకా రియాక్టర్ చల్లగానే ఉందని, అందులో ఎవరి తప్పూ లేదని చెప్పాడు. మేం నమ్మాం.

ఆయన మళ్లీ ఫోన్ చేశాడు. మోగింది కానీ ఎవరూ ఎత్తలేదు. ముందు లారీలు ఆగిపోయి బస్సు కదలడం లేదు.

"జెర జల్దీ పోనియ్యన్నా!" అని డ్రైవర్‌ను కేకేశాడు.

"ఏంది, లారీల మీదికెళ్లి పోనియ్యాల్నా?" అన్నాడు డ్రైవర్.

ఆయన అక్కడే దిగి, ఆగిన లారీల పక్కనుంచి పరిగెత్తాడు.

మర్నాడు దొరికిన పేపర్లన్నీ చూశాను. ఏమీ లేదు. మా తమ్ముడు పోయిన మర్నాడు కూడా ఏమీ రాలేదు.