అందరి నాయనలకూ ఒకే బోరు

కరోనా సెలవుల తర్వాత బళ్లు తెరిచిన ఏడాది నేను నల్లమాడ వైపు ఒక ఉన్నత పాఠశాలలో ఇంగ్లీషు స్కూల్ అసిస్టెంటును. పరీక్షల బాధ్యత కూడా నాదే. మండల కార్యాలయంలో సంతకం పెట్టి ప్రశ్నపత్రాల కట్టలు తేవాలి, బీరువాలో పెట్టి తాళం వేయాలి, పరీక్ష రోజు ఇద్దరి ఎదుట సీలు విప్పాలి. తాళంచెవి మరొకరికి ఇవ్వకూడదు. ఒకసారి ఇచ్చాను. ఆ సంగతి విచారణలో చెప్పలేదు.

హిందీ పండిట్ పద్మావతి మేడం ధర్మవరంలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. హిందీ మాటకు ఎదురుగా ఒక ఇంగ్లీషు మాట రాసి బట్టీ పట్టించడం ఆమెకు గిట్టదు. రోజూ ప్రార్థన కాగానే ఒక హిందీ మాట తీసుకుని, పిల్లల చేతనే వాక్యాలు కట్టించి, ఏ వాక్యంలో దానికి ఇంగ్లీషులో ఏ అర్థం వస్తుందో బడి మొత్తం చేత పలికించేది.

ఒకరోజు ‘భరోసా’ వచ్చింది. అక్క మీద భరోసా ఉందంటే ట్రస్ట్. డాక్టరు భరోసా ఇచ్చాడంటే అష్యూరెన్స్. అప్పుడు ఎనిమిదో తరగతి లలిత లేచి, “మా నాయన బోరు భరోసాతో వేరుశనగ వేసినాడు” అన్న వాక్యం హిందీలో చెప్పింది. అక్కడ రిలై అని రాయాలని మేడం చెప్పింది. పిల్లలంతా నవ్వుతూ ఆ వాక్యాన్ని రెండు భాషల్లోనూ అరిచారు.

తర్వాత జరిగిన మండల పరీక్షలో హిందీ పేపరులో అదే మాట వచ్చింది. అర్థాలు, ఒక్కో అర్థానికి ఒక్కో వాక్యం రాయమన్నారు. మా జవాబుపత్రాలు వేరే బడి ఉపాధ్యాయులు దిద్దుతారు. ఎనిమిదో తరగతి పిల్లలందరూ నాన్న బోరును నమ్మి వేరుశనగ వేశాడనే రాశారని వాళ్లు ఫిర్యాదు చేశారు. మండల విద్యాధికారి విచారణకు వచ్చి హెడ్మాస్టరు గదిలో కూర్చున్నారు.

ముందుగా ఒక పిల్లవాణ్ణి పిలిచి, నాన్న ఏం పని చేస్తాడో అడిగి తెలుసుకున్నారు.

“మీ నాయన లారీ తోల్తాడు గదరా, శెనక్కాయ యాడ ఏసినాడు?”

“మా నాయన ఏయలేదు సార్. లలితా వాళ్ల నాయన ఏసినాడు.”

అధికారి మేడం వైపు తిరిగారు. “ఏమ్మా, మీ బళ్లో నాయనలందరికీ కలిపి ఒకే బోరా? పరీక్షలో వచ్చే మాట నీకు ముందే ఎట్ల తెలిసె?”

“పాఠం ఎనకాల ఉండే మాటే సార్. పేపర్లు ఈడికి రాకముందే చెప్పించినా,” అంది మేడం.

ఆయన నన్ను చూశారు. “ఏమప్పా, కట్టలు నువ్వు తెచ్చినాకా, ముందరా?”

కట్టలు తెచ్చిన సాయంత్రమే మేడం సుద్దముక్కల కోసం బీరువా తాళంచెవి అడిగింది. నేను వరండాలో ఎవరితోనో మాట్లాడుతూ ఇచ్చేశాను. ఆ నిమిషంలో నాకు అదే కళ్లముందు మెదిలింది. తాళంచెవి, మరుసటి ఉదయం భరోసా. కథ అతికినట్టు కుదిరింది. “తెచ్చినాకే అనుకుంటా సార్,” అన్నాను. తాళంచెవి మాట ఎత్తలేదు. మేడం నా ముఖంలోకి చూసి తల దించుకుంది.

ఆ సాయంత్రం కదిరి బస్సులో కూర్చున్నాక అసలు వరస గుర్తొచ్చింది. బోరు వాక్యానికి పిల్లలు నవ్వుతుండగానే నేను హెడ్మాస్టరు బండి తీశాను. కట్టలు తేవడానికి బయల్దేరింది అప్పుడే. అంటే భరోసా మొదట, కట్టలు తర్వాత. మర్నాడే వెళ్లి చెప్పొచ్చు. కానీ ఎందుకు పొరబడ్డావని అడిగితే తాళంచెవి బయటికొస్తుంది. నాకూ మెమో వస్తుంది. ఊరుకున్నాను. మేడంకు మెమో ఇచ్చి, పని సర్దుబాటు పేరుతో బత్తలపల్లి వైపు బడికి పంపారు. పేపరు లీకు చేసిన టీచరన్న మాట ఆమెకంటే ముందే అక్కడికి చేరింది.

నిరుడు గొంతు జబ్బుతో స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక ఆ బడికి వెళ్లాను. జరిగిందంతా చెప్పి, తప్పు నాదన్నాను. ఆమె నన్ను కూర్చోమనలేదు.

“నాకెందుకు చెప్తాండారు సార్? నేను చేయలేదని నాకు తెలీదా? నన్ను దొంగను చూసినట్ల చూసినోళ్లు ఉండారు గదా, వాళ్లకు చెప్పుపోండి.”

అనుమానం ఎవరికైనా వస్తుంది. అది ఎందుకు వచ్చిందో దాచిపెట్టి, దాన్ని సాక్ష్యంగా విచారణాధికారి ముందు పెట్టకూడదు. ఉద్యోగంలో ఆలస్యంగా నేర్చుకున్నది ఇది.

మా పాత బడి ఉన్న మండలంలోని ఉపాధ్యాయులంతా కలిసే నెలవారీ సమావేశానికి అనుమతి అడిగి వెళ్లాను. మేడంను కూడా పిలిపించమని కోరాను. వచ్చి వెనక వరసలో కూర్చుంది. నేను లేచి నిలబడి చెప్పాను: “పేపరు లీకు కాలేదు. కట్టలు రాకముందే మేడం ఆ మాట చెప్పించింది. విచారణలో కట్టలు తెచ్చాకే అని నేను పొరపాటుగా చెప్పాను; బీరువా తాళంచెవి ఇచ్చిన తప్పు కప్పిపుచ్చుకోవడానికి దాన్ని దిద్దకుండా నోరు మూసుకున్నాను. పద్మావతి మేడం, మీ పేరు చెడగొట్టింది నేను. వీళ్లందరి ఎదుట క్షమాపణ అడుగుతున్నాను.”